ఎడమవైపు కింది రెక్క

నేను విమానం కొన్నానని చెప్పిన రోజు మా ఆవిడ వంటింట్లోంచి తల కూడా బయటపెట్టకుండా అడిగింది: "అయితే మిక్సీ బాగుచెయ్యడం అయిపోయినట్టేనా?"

అవలేదు. మూడు నెలల కిందట విప్పిన మిక్సీ బాల్కనీలో ముక్కలుముక్కలుగా పడి ఉంది. అప్పట్లో మేం దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో, ఒక విల్లాని నాలుగు వాటాలు చేస్తే వచ్చిన వాటాలో ఉండేవాళ్ళం. నేను ఒక ఎయిర్‌లైన్ హ్యాంగర్‌లో ఇంజనీర్‌ని. రోజంతా పెద్ద పెద్ద జెట్‌ల రేకులు విప్పడం, చూడడం, బిగించడం. మాది కాకినాడ. కోపం మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. మా నాన్నకి లేదు, మా అమ్మకి లేదు, నాకు ముక్కు మీదే కూర్చుని ఉంటుంది. ముందే చెప్పేస్తున్నాను, తరవాత మీరు ఆశ్చర్యపోకుండా.

కొన్నది రెండు సీట్ల చిన్న విమానం. రెక్కలు రెండంతస్తులు: పైన ఒక జత, కింద ఒక జత, మధ్యలో గుంజలు, తీగలు. ఏ ఫ్యాక్టరీలోనూ తయారైంది కాదు. నలభై ఏళ్ళ కిందట ఎవరో ఒకాయన డ్రాయింగులు తెప్పించుకుని, తన కారు షెడ్డులో, సొంత చేతులతో కట్టుకున్నాడు. అది కూడా పద్ధతిగా ఎగరడానికి కాదు, గాల్లో పల్టీలు కొట్టడానికి. ఒంటికి ఇనుప గొట్టాలు, రెక్కలకి చెక్క, వాటన్నిటి మీదా గుడ్డ. అది చేతులు మారి మారి అల్ ఖోర్ దారిలో ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్‌కి చేరింది. దాని ఆఖరి ఓనరు ఒక ఇంగ్లీషు ముసలాయన. నాకు ఎగరడం నేర్పింది ఆయనే. ఐదేళ్ళు ఆయన చేత తిట్లు తిని లైసెన్సు తెచ్చుకున్నాను. మోకాళ్ళు పనిచెయ్యక ఆయన వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, "నువ్వే కొనుక్కో, లేకపోతే తుక్కు కింద పోతుంది," అన్నాడు. పాత కారు ధరకి విమానం వచ్చింది. అంత చవగ్గా ఎందుకిచ్చాడో ఎడమవైపు కింది రెక్క మీద గుడ్డ కోసినప్పుడు తెలిసింది.

ఎప్పుడో ఎవడో దిగేటప్పుడు ఆ రెక్క కొసని నేలకి కొట్టాడు. పైన గుడ్డ అతికించి రంగు పూసి ఊరుకున్నాడు. లోపల రెక్క పొడుగునా ఉండే ముందు దూలం నిలువునా చీలి ఉంది. దాని మీద అడ్డంగా వరసగా ఉండే పలచటి చెక్క రిబ్బుల్లో తొమ్మిది విరిగాయి. ఎడారి ఎండకి జిగురంతా పొడిపొడిగా రాలిపోతోంది.

నాకు రేకంటే తెలుసు. చెక్కంటే తెలియదు. అయినా నేనే చేసేద్దామని కూర్చున్నాను. మొదటి రిబ్బు చీలింది. రెండోది చీలింది. మూడోది చీలినప్పుడు ఉలి విసిరికొట్టాను. అది నేరుగా వెళ్ళి నా ఐస్ డబ్బాలో దిగబడింది. ఆ రోజు మజ్జిగంతా ఎయిర్‌ఫీల్డ్‌లోని నా షెడ్డు నేల తాగింది.

ఇక వడ్రంగి కోసం వేట మొదలుపెట్టాను. అవి వరల్డ్ కప్ పనులు జోరుగా సాగుతున్న రోజులు. దోహా అంతా తవ్విపోసి ఉండేది. ఒక శుక్రవారం వెళ్ళిన దారి మళ్ళీ శుక్రవారానికి ఉండేది కాదు. దేశంలో వడ్రంగులకి కరువేం లేదు, కానీ అందరూ సైట్ల మీదే. అల్ రయ్యాన్‌లో ఒక ఫర్నిచర్ షాపువాడు నా డ్రాయింగు పావుగంట తిప్పి తిప్పి చూసి, "సన్‌మైకా ఏ కలర్ వెయ్యమంటారు?" అని అడిగాడు. వాడి మీద అరవకుండా బయటికి వచ్చినందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

మనిషి దొరికింది దోహాలోనే నజ్మా అనే పేటలో. ఒక శుక్రవారం మధ్యాహ్నం తెలుగు భోజనం పెట్టే మెస్సులో కూర్చున్నాను. నా ఎదురుగా ఉన్నాయన బల్ల ఊగుతోంది. మామూలుగా అయితే కాగితం మడిచి కాలి కింద పెడతాం కదా. ఆయన లేచి, పళ్ళ పెట్టె నుంచి ఒక బద్ద విరిచి, జేబులోంచి చిన్న కత్తి తీసి, నాలుగు గీతలు గీసి, కాలికీ పలకకీ మధ్య ఉన్న సందులో దాన్ని దిగ్గొట్టాడు. బల్ల కదల్లేదు. ఆయన ఏమీ జరగనట్టు పప్పు కలుపుకున్నాడు.

నేను నా కంచం ఎత్తుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను.

"మేస్త్రీ, మీదే ఊరండీ?"

"జగిత్యాల దిక్కు సారు. మేస్త్రి అనకున్రి. మా దిక్కు మేస్త్రంటె గోడలు గట్టెటోడు. నేను వడ్లాయనను."

వడ్లాయన అంటే వాళ్ళ వైపు వడ్రంగి. నలభై ఏళ్ళుంటాయి. స్టేడియం సైటులో షట్టరింగ్ కార్పెంటర్. అంటే కాంక్రీటు పొయ్యడానికి ప్లైవుడ్డుతో అచ్చులు కట్టే పని. వద్దన్నా నా నోటికి మేస్త్రి అనే వచ్చేది. రెండు మూడు వారాలకి ఆయనే అలవాటు పడిపోయాడు.

విమానం సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి విన్నాడు.

"ఇమానానికి చెక్క రెక్కనా? నిజంగ?"

"నిజంగా."

కంచం పక్కకి జరిపాడు. తరవాత చెప్పాడు: "తొమ్మిదేండ్లాయె సారు నేనచ్చి. రోజు చెక్కతోనే పని. మేము గడ్తం, సిమెంటు పోస్తరు, ఆరంగనే మా చెక్కంత పీకి అవతల పారేస్తరు. మా నాయన జేసిన తలుపులు, దర్వాజలు ఊరంత ఉన్నయ్. నన్ను ఎవడన్న, నువ్వు జేసింది ఒక్కటి జూపియ్యిరా అంటె ఏం జూపియ్యాలె? అన్ని ఇప్పేసిండ్రు."

ఇంటికి ఎప్పుడు వెళ్తున్నారని అడిగాను. రెండు నెలల్లో ఆయన సైటులో షట్టరింగ్ పని అయిపోతుంది, కంపెనీ ఎగ్జిట్ కొట్టి, అంటే వీసా ముగించి, టికెట్ ఇస్తుంది. ఇంట్లో పెళ్ళాం, ఇక వచ్చి ఉండిపొమ్మని పోరుతోంది. ఈయనకేమో ఇంకో కంపెనీ వీసా మీద మళ్ళీ రావాలని ఉంది. "ఒక్క మంచి పనన్న జెయ్యకుంట పోయి ఇంట్ల కూసునుడు మనసొప్పుత లేదు సారు," అన్నాడు.

కూలి మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేటట్టు కనిపించాడు. ఒకటే షరతు పెట్టాడు: "అది ఎగురుడు నా కండ్లతోని జూడాలె. నా టికెట్ లోపల."

మాటిచ్చేశాను. ఎనిమిది శుక్రవారాలున్నాయి. ఎంత పని ఉందో తెలిసినవాడెవడూ అలా మాటివ్వడు.

మొదటి మూడు శుక్రవారాలు కొత్త చెక్క కోసం ఎదురుచూడడంతోనే సరిపోయింది. విమానాల కోసం ప్రత్యేకంగా కోసే స్ప్రూస్ చెక్క అది. సముద్రం దాటి వచ్చి రేవులో చిక్కుకుంది. ఎప్పుడు అడిగినా కౌంటర్లో "బుక్రా, బుక్రా" అనేవారు. రేపు అని అర్థం. వాళ్ళ మీద అరిస్తే ఇంకో బుక్రా కలిసేది. ఆ మూడు వారాలూ మేస్త్రి పాత రెక్కని విప్పి, ముక్క ముక్కకీ గుర్తులు పెట్టి, షెడ్డు నేల మీద పరిచాడు. విరిగినవాటిని చూసి కొత్తవాటికి అచ్చు కొట్టాడు. నేను డ్రాయింగులో ఇంగ్లీషు పేర్లు చెప్తే ఆయనకి నచ్చేవి కావు. పొడుగ్గా ఉండేది దూలం, అడ్డంగా ఉండేవి వాసాలు. ఇంటి కప్పు లెక్కే, పండబెట్టిండ్రు గంతే అనేవాడు. రిబ్ అంటే పక్కటెముక అని చెప్పినప్పుడు మాత్రం ముచ్చటపడ్డాడు. "పక్క బొక్కలా! మంచిగున్నది." వాళ్ళ వైపు బొక్క అంటే ఎముక.

నాలుగో శుక్రవారానికి చెక్క వచ్చింది. పొడుగాటి పెట్టె విప్పగానే ఆయన ముందు వాసన చూశాడు, తరవాత వేలితో కొట్టి చెవి పెట్టాడు, తరవాత నన్ను అడిగాడు:

"మొదలు ఏ దిక్కు?"

"దేని మొదలు?"

"చెట్టు మొదలు. ఈ పలక ఏ కొస భూమి దిక్కుండె, ఏ కొస ఆకాశం దిక్కుండె?"

నాకు ఒళ్ళు మండింది. మూడు వారాలు పోయాయి, ఐదు మిగిలాయి, ఈయన చెట్టు పుట్టుపూర్వోత్తరాలు అడుగుతున్నాడు. "ఏ కొసైతే ఏంటయ్యా! లెక్కల్లో తేడా రాదు!" అని అరిచాను. ఆయన అరవలేదు. మొదలు తలకిందులు చేసి దర్వాజ నిలబెడితే వాళ్ళ నాయన ఆ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టేవాడు కాదట. ఒక గొట్టం మీద పలకని తూకం వేసి, గీతలు ఎటు దగ్గరవుతున్నాయో చూసి, బరువుగా దిగిన వైపు పెన్సిలుతో గుర్తు పెట్టాడు. ఆ వైపు విమానం ఒంటికి అతకాలి, రెండో వైపు గాల్లోకి వెళ్ళాలి. నేను విసురుగా డ్రాయింగు లాగి, చూడు, ఇందులో అలాంటిదేమీ లేదు అని చూపించబోయి ఆగిపోయాను. నలభై ఏళ్ళ ఆ కాగితం మీద, రెక్క ఒంటికి తగిలే చోట 'రూట్' అని రాసి ఉంది. కొస దగ్గర 'టిప్' అని ఉంది. ఇరవై ఏళ్ళుగా రోజూ వాడుతున్న మాటలు. అవి చెట్టు మాటలని నాకెప్పుడూ తట్టలేదు.

అర్థం చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ఏమన్న? తెల్లోళ్ళకు గూడ ఎర్కనే!"

ఆ రోజు నుంచి చెక్క విషయంలో నేను నోరెత్తలేదు. ఎత్తినా ఆయన వినేవాడు కాదు.

జిగురు ఇంకో తంటా. రెండు రకాలు కలిపితే గంటలో గట్టిపడాల్సింది, ఆ షెడ్డు వేడికి పది నిమిషాల్లో రాయి అయ్యేది. రెండుసార్లు గిన్నెతో సహా పారేశాను. మేస్త్రి ఒక పళ్ళెంలో ఐసు పోసి, దాని మీద జిగురు గిన్నె పెట్టాడు. పని జరిగింది. నా డిగ్రీ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కానీ ఐదో శుక్రవారం సాయంత్రం లెక్క వేసుకుంటే సంగతి తేలిపోయింది. మిగిలినవి మూడు. చెక్కపనే ఇంకా ఐదు శుక్రవారాలది. తరవాత విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు చూడాలి. గుడ్డ వెయ్యాలి, రంగు పడాలి, బిగించాలి. పైగా ఇది తలకిందులుగా ఎగిరే విమానం. ఆ దూలం మీద విమానం బరువుకి అయిదారు రెట్లు పడుతుంది. తొందరపడి చేస్తే చచ్చేది నేనే. ఆయన ఎగ్జిట్ తేదీ జరగదు. "కుదరదు మేస్త్రీ. నేను మాట తప్పాను, నన్ను తిట్టు," అన్నాను. ఆయన తిట్టలేదు, చిత్రిక పడుతూనే ఉన్నాడు. తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

అప్పుడు జరిగింది అసలు సంగతి.

శుక్రవారాలు ఫోన్ చెయ్యడం మానేశావేమని ఆయన భార్య అలిగింది. ఆ శుక్రవారం రాత్రే ఆయన క్యాంపులో కూర్చుని వాట్సాప్‌లో రెండు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. మొదటిదాంట్లో, ఒక సారు దగ్గర ఇమానం బాగుజేస్తున్న అని వివరంగా చెప్పాడు. క్యాంపు నెట్‌వర్క్ సంగతి తెలిసిందే కదా, అది పోలేదు. రెండోది పోయింది. అందులో ఏముందో తరవాత ఆయనే నాకు వినిపించాడు:

"ఎడమ రెక్క ఇరిగింది. దూలం గూడ చీలింది. పక్క బొక్కలు తొమ్మిది పోయినయ్, కొత్తయి ఏస్తున్నం. జిగురు వెట్టి అతుకుతున్నం. ఇంకో నెల పడ్తది. నువ్వేం పరేషాన్ గాకు. సారు మంచిగ జూస్కుంటుండు, బిర్యానీ తెస్తుండు."

జగిత్యాల వైపు రెక్క అంటే చెయ్యి. ఆ మాటకొస్తే మా వైపూ అంతే, రెక్క పట్టుకు లాగాడంటే పక్షిని కాదు.

ఆమె ఆ మెసేజ్ విని ఇంట్లో కూలబడింది. వాడకట్టంతా వచ్చి విన్నారు. తొమ్మిది పక్క బొక్కలు విరిగిన మనిషి అంత నిమ్మళంగా మాట్లాడుతున్నాడంటే మత్తు మందు ఇచ్చి ఉంటారని ఎవరో తేల్చారు. ఆయన తెల్లారగట్ల లేచి చూసుకునేసరికి ఫోన్లో ముప్ఫై ఒక్క మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వీడియో కాల్ చేశాడు.

"రెండు రెక్కలు జూపియ్యి," అంది ఆమె ఏడుస్తూ.

చూపించాడు.

"ఎడమది పైకి లేపు. ఊకె గాదు, బరువు వట్టుకొని లేపు."

నీళ్ళ క్యాను లేపాడు. పక్క మంచం మీది నేపాలీ అబ్బాయి చప్పట్లు కొట్టాడు. అంగీ విప్పి పక్కలు చూపించాడు. ఆమె నమ్మలేదు. వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే; దుబాయ్‌ల కంపెనీలు దెబ్బలు తగిలితే బయటికి చెప్పనియ్యవని ఆమెకి ఎవరో చెప్పారు. విరిగింది ఇమానం రెక్క అని ఈయన అంటే, "నువ్వు సిమెంటు పనోనివి, నీకు ఇమానమెవడిచ్చె? అబద్ధమన్న జర మంచిగాడు!" అని ఫోన్ పెట్టేసింది.

ఆమె తమ్ముడు అంతకు ముందే ఒక పని చేసేశాడు. అదే కంపెనీలో పనిచేసే తమ ఊరివాడి ద్వారా నంబరు సంపాదించి క్యాంప్ ఆఫీసుకి ఫోన్ చేసి, మా బావకి చెయ్యి విరిగింది, దాచిపెట్టి పని చేయిస్తున్నారు అని గొడవ చేశాడు.

ఆ రోజుల్లో సైటు మీద దెబ్బ తగలడం ఒక ఎత్తు, తగిలిన దెబ్బ దాచడం ఇంకో ఎత్తు. ప్రపంచమంతా చూస్తున్న పనులవి. ఆ పొద్దున సైటు గేటు దగ్గరే సేఫ్టీ ఆఫీసర్ మేస్త్రిని పక్కకి పిలిచాడు.

"హాత్ దిఖావ్."

చూపించాడు.

"టూటా హై?"

"నహీ సాబ్. వో హవాయి జహాజ్ కా హాత్ టూటా హై."

విమానం రెక్క విరిగిందని చెప్పబోయాడు, కానీ మేస్త్రి హిందీలో రెక్కకి వేరే మాట రాలేదు, చెయ్యే వచ్చింది. సేఫ్టీ ఆఫీసర్ ఆయన్ని కింద నుంచి మీద దాకా చూసి, చెయ్యితో పాటు తలకి కూడా దెబ్బ తగిలిందని రాసుకున్నాడు. ఎక్స్‌రే తీసి, డాక్టరు ఫిట్ అని సర్టిఫికెట్ ఇచ్చేదాకా డ్యూటీ మాఫీ, సైటు లోపలికి అడుగుపెట్టడానికి వీల్లేదు అన్నాడు. ఎక్స్‌రేకి ఆరో రోజున, గురువారం, టైము దొరికింది.

మేస్త్రి నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్తుంటే నేను ముందు కంగారుపడ్డాను, తరవాత ఆయన భార్యని తలుచుకుని బాధపడ్డాను, ఆ తరవాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"మేస్త్రీ! ఆరు రోజులు!"

"అందుకే ఫోన్ చేసిన సారు," అన్నాడు నవ్వాపుకుంటూ. "ఆరు శుక్రారాల లెక్క. బండి తెస్తరా?"

అప్పటికప్పుడు సెలవు పెట్టాను. మా ఆవిడ కూడా వస్తానంది. దేనికి అంటే, "మీరిద్దరూ అరుచుకుంటూ ఉంటే ఎవరో ఒకరు పని చెయ్యాలిగా," అంది. ముందు ఆవిడే ఒక మంచి పని చేసింది. మేస్త్రి భార్యకి ఫోన్ చేసి, ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకున్నట్టు అరగంట మాట్లాడి, ఫోన్ కెమెరా విప్పిన రెక్క మీద తిప్పి, దూలం, వాసాలు, తొమ్మిది పక్క బొక్కలూ లెక్కపెట్టి చూపించింది. అవతల ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే నవ్వింది. వాడకట్టంతా నవ్విన చప్పుడు షెడ్డులోకి వినబడింది.

"అక్కా, గీ మనిషికి మాట్లాడుడు నేర్పున్రి," అందట ఆఖరికి.

ఆ ఆరు రోజులూ మేము పని చేసినట్టు నేను నా జీతం పనిలో ఎప్పుడూ చెయ్యలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు జిగురు పని, ఎండెక్కాక చిత్రిక పని. ఆరో రోజుకి రెక్క అస్థిపంజరం పూర్తయింది. ఎక్స్‌రేలో మేస్త్రి చెయ్యి నిక్షేపంగా ఉందని తేలింది. సేఫ్టీ ఆఫీసర్ సర్టిఫికెట్ రెండుసార్లు చదివి, అనుమానంగానే లోపలికి పంపాడు.

ఆరో శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మాటలు తక్కువ మనిషి. అద్దం, టార్చి పెట్టి ప్రతి అతుకూ చూశాడు. తరవాత, అదే జిగురుతో అతికించిన నమూనా ముక్క ఇమ్మని, దాన్ని బిగింపులో పెట్టి సుత్తితో ఒక్కటి కొట్టి విరిచేశాడు.

మేస్త్రి "నీ అవ్వ!" అని ముందుకు దూకబోతే నేను చొక్కా పట్టుకు లాగాను.

ఇన్‌స్పెక్టరు విరిగిన ముక్కని వెలుతురులో తిప్పాడు. అతుకు దగ్గర విరగలేదు. పక్కన, మంచి చెక్కలో విరిగింది. చెక్క కంటే అతుకు గట్టిగా ఉందన్నమాట. ఆయన తలూపి సంతకం పెట్టాడు. ఇది ఎవరు చేశారని అడిగాడు. చూపించాను. ఆయన వెళ్ళి మేస్త్రితో చెయ్యి కలిపి, చాలాసేపు వదల్లేదు.

తరవాత గుడ్డ. అది రిబ్బులకి కుట్టాలి. బెత్తెడు సూదితో పైన ఒకరు, కింద ఒకరు ఉండాలి. మా ఆవిడ పైన, మేస్త్రి కింద. పరుపు కుట్టినట్టే ఉందండీ అంది ఆవిడ. నన్ను ముట్టుకోనివ్వలేదు. కుట్టిన గుడ్డ మీద లక్కలాంటి మందు పూస్తే అది ఆరుతూ బిగిసి, తప్పెటలా మోగింది. అప్పుడు నాకు తట్టింది.

"మేస్త్రీ, అయ్యో, మీ పనంతా కనబడకుండా పోయిందే!"

"కనబడకుంటె ఏమాయె సారు," అన్నాడాయన గుడ్డని నిమురుతూ. "లోపటున్నది గదా. ఆడ పీకేస్తరు, ఈడ ఉంటది." నేను రంగు డబ్బాల మూతలు పెట్టే నెపంతో అటు తిరిగాను.

ఏడో శుక్రవారం బిగించాం. కాగితాలూ అయ్యాయి. మిగిలింది ఒక్క ఎనిమిదో శుక్రవారం. మర్నాడు శనివారం ఆయన టికెట్. ఆ వారమంతా ఉత్తర గాలి దుమ్ము లేపుతూ కొడుతూనే ఉంది. గురువారం దాకా రోజూ నేను కిటికీ దగ్గర నిలబడి గాలిని బూతులు తిట్టాను. మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంది.

శుక్రవారం తెల్లారేసరికి గాలి పడింది. ఎయిర్‌ఫీల్డ్‌లో గాలి చూపించే చారల గుడ్డ గొట్టం కర్రకి అతుక్కుని వేలాడుతోంది. మేస్త్రి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు సీట్లో నేను కట్టిన బస్తాని చూసి ఆగిపోయాడు.

"గదేంది?"

"ఇసక. ఈ మొదటి గంటల్లో మనిషిని ఎక్కించకూడదు, రూలు. తూకానికి బస్తా పెట్టాలి."

"తొమ్మిదేండ్లు నేను ఇసుకల నిలవడి పనిజేస్తి. ఇయ్యాల ఇసుక నా సీట్ల కూసున్నది!" అని పకపకా నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళి ఎడమ రెక్కని వేలితో మొదలు నుంచి కొస దాకా తట్టుకుంటూ విన్నాడు. తట్టడం అయ్యాక నాకు తలూపాడు. నాకు ఇన్‌స్పెక్టరు సంతకం కంటే ఆ తలూపు ధైర్యం.

భయం వేసిందని ఒప్పుకుంటాను. ఇంజను గర్జించి, తోక లేచి, నేల వదిలిన క్షణం నేను ముందుకి చూడలేదు, ఎడమవైపు కిందికే చూశాను. రెక్క కదల్లేదు. తీగలు సన్నగా పాడుతున్నాయి. వెయ్యి అడుగులు ఎక్కాక మెల్లగా ఎడమకి వంచాను. అటు సముద్రం, ఇటు ఎడారి, దూరంగా ఆయన పనిచేసిన స్టేడియం పొద్దుటి ఎండలో మెరుస్తోంది. అంత కట్టడం, అందులో ఆయన చెక్క ఒక్క పుల్ల కూడా లేదు. ఇక్కడ, నా మోచేతికి రెండు గజాల దూరంలో, ఉన్నదంతా ఆయన చెక్కే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికి అని చెప్పుకోవచ్చు, కానీ గాలికి కాదు.

పల్టీలు కొట్టలేదు, ఆ రోజుకి అవీ రూలు కాదు. ఇరవై నిమిషాలు తిరిగి దిగాను. ఇంజను ఆపేసరికి మేస్త్రి రెక్క దగ్గరే ఉన్నాడు, చేతిలో ఫోను, ఫోన్లో ఆయన భార్య. మొత్తం వీడియోలో చూపించాడట. నా చెవుల్లో ఇంజను హోరు తగ్గేకొద్దీ ఆమె మాటలు వినబడ్డాయి.

"ఏ రెక్క నీది?"

"ఎడమ దిక్కుది. కిందిది." ఫోను రెక్క మీద మెల్లగా నడిపించాడు. "సూడు. ఎగిరచ్చింది. గింత గూడ కదల్లే."

ఆమె కాసేపు చూసింది. తొమ్మిదేళ్ళుగా ఆయన చెప్పే బాధ వినీ వినీ ఉన్న మనిషి.

"దీన్ని గూడ ఇప్పుతరా?" అని అడిగింది, గొంతు తగ్గించి.

మేస్త్రి నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"ఇప్పరు," అన్నాడాయన. "ఇది గిట్లనే ఉంటది."

"అయితె ఇగ ఇంటికి రా," అంది ఆమె. "మల్ల పోవుడు లేదు."